మా అన్న చెంపలో సుద్దగీత

ఇదంతా రాసిపెట్టాల్సిన అవసరం మా అన్న ఇచ్చిన సాక్ష్యం వల్ల వచ్చింది. మా చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక, మేలు పొందినవాళ్ళు లేచి ఆ సంగతి నలుగురికీ చెప్పి, సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా వందనాలు చెప్పి కూర్చుంటారు. మా అన్న మైకు పట్టుకుని, "నా నోట్ల తెల్ల మచ్చ లేసింది. మా చెల్లె లైబ్రరీల పుస్తకాలు సదివింది. దేవుని దయ, మంచిగైంది. అందరికి వందనాలు" అని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ నుంచి ఎలక్ట్రిషియన్ పని చేస్తున్న మనిషి. వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మేలని అతని నమ్మకం. కానీ ఆ నాలుగు ముక్కల మధ్య వదిలేసిన జాగాలో మా బస్తీ బస్తీ అంతా కాపురం పెట్టేసింది.

సోమవారం పొద్దున్నే ఒకామె బ్లౌజు గుడ్డతో వచ్చి, కొలతలిస్తూ మెల్లగా అడిగింది. "అక్కా, మా అత్తకు మెడ కాడ గడ్డ లేసింది. ఏ పుస్తకం సదివితే పోతది?" బుధవారం ఇంకొకామె వచ్చింది. వాళ్ళాయనకు గొంతు బొంగురుపోయి రెండు నెలలైందట. పుస్తకం మొత్తం చదవాలా, కొన్ని పేజీలు చాలా అని ఆమె అనుమానం. శనివారానికి నలుగురయ్యారు. నేను బ్లౌజులు కుట్టే మనిషిని. ఫాల్, పీకో కూడా చేస్తాను. గడ్డలు కరిగించడం నా బోర్డు మీద లేదు.

అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నేను పుస్తకం చదవడం వల్ల మా అన్నకు మంచి జరగలేదు. సగం చదవడం వల్ల ఆరు వారాలు చెడు జరిగింది. ఈ మాట మైకులో చెప్పే ధైర్యం నాకు లేదు. కాగితం మీదైతే ఉంది.

మాది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి మూడో గల్లీ. నల్గొండ జిల్లాలోని ఊరు విడిచి వచ్చి స్థిరపడ్డవాళ్ళం. ముందు గదిలో నా మిషను, వెనక గదిలో మా సంసారం. మా ఆయన డీసీఎం వ్యాన్ డ్రైవర్, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. పక్క వాటాలో అన్నా వదినా ఉంటారు. అన్నకు ఎల్‌బీ నగర్‌లో చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. వదిన ఇక్కడే ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది.

నేను పదో తరగతి పాసయ్యాను. ఆ తర్వాత చదువంతా లైబ్రరీలోనే. ఎనిమిదేళ్ళ కిందట మ్యాచింగ్ సెంటర్‌కు పోతుంటే వాన పట్టుకుంది. తలదాచుకోవడానికి లైబ్రరీ మెట్లెక్కాను. వాన తగ్గినా నేను దిగలేదు. అగ్నిపర్వతాలు చదివాను, తేనెటీగలు చదివాను, కిడ్నీ చదివాను, పాత నాణేలు చదివాను. బ్లౌజు ట్రయలుకు వచ్చినవాళ్ళకు, అడిగినా అడగకపోయినా, తేనెటీగ ఎన్ని కళ్ళతో చూస్తుందో చెప్పి పంపిస్తాను. మా వదిన నన్ను "మా ఇంటి కలెక్టరమ్మ" అంటుంది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగులు కాబట్టి లైబ్రరీ నిండా పోటీ పరీక్షలవాళ్ళే. వాళ్ళ పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుని, కుర్చీల కోసం పొద్దున్నే వచ్చి రుమాలు వేసుకుని కూర్చుంటారు. లైబ్రరీ పుస్తకాలు ముట్టేది నేనూ, దుమ్మూ. నా పక్క కుర్చీలో గ్రూప్స్‌కు చదివే ఒక చెల్లె కూర్చుంటుంది. మొదటిరోజు నన్ను చూసి, "అక్కా, మీరు గ్రూప్ టూకా, గ్రూప్ ఫోర్‌కా?" అని అడిగింది. "ఊకెనే చదువుకుంటున్న" అన్నాను. ఆ చెల్లె నమ్మలేదు. ఏదో కొత్త నోటిఫికేషన్ నాకొక్కదానికే తెలిసిందని కొన్నాళ్ళు నా వెంటే తిరిగింది.

ఇక అన్న సంగతి. పోయిన ఎండాకాలం అతనికి పన్ను నొప్పి లేచింది. కొత్తపేటలో పండ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయి పన్ను పీకించుకుని వచ్చాడు. దవడ పట్టుకుని, "పీకిన్రు. అయిపోయింది" అన్నాడు. మూడో రోజు అంగీ జేబు చిరిగిందని నాకిచ్చాడు. జేబు విప్పితే లోపల నాలుగు మడతలు పెట్టిన చీటీ ఉంది. ఎడమ చెంప లోపల తెల్ల మచ్చ, ముక్క తీసి పరీక్ష చేయించాలి అని దాని అర్థం. ఎడమ చెంప అంటే అన్న పద్దెనిమిదో ఏట నుంచి తంబాకూ సున్నమూ నలిపి దాచుకునే గల్లాపెట్టె.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"ఏం లేదు. తెల్లగ జర మచ్చున్నదట. ముక్క కోస్తరట."

"మరి పోలేదేంది?"

"నాయనకు కోసిన్రు గదా" అన్నాడు. అంతే.

మా నాయనకు గొంతులో పుండు లేచింది. ఊళ్ళో రాచపుండు అన్నారు, అంటే క్యాన్సరే. చెట్ల మందులన్నీ అయిపోయాక, అన్నం దిగని రోజున దవాఖానకు తీసుకుపోతే ముక్క తీసి పరీక్షకు పంపారు. నలభై రోజులకు పోయాడు. కత్తి పెట్టకపోతే ఇంకో పదేళ్ళు బతికేవాడని మా ఇంట్లో అందరి నమ్మకం. పెద్ద మనిషి, కరెంటుకే భయపడనివాడు, ఆ చీటీకి భయపడి జేబుతో పాటు నాకిచ్చాడేమో అని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాడే లైబ్రరీకి పరిగెత్తాను. క్యాన్సర్ గురించి ఏముందని అడిగితే లైబ్రరీ సారు బల్ల మీదికి ఒక లావుపాటి తెలుగు పుస్తకం తెచ్చి పెట్టారు. సారుది గుంటూరు వైపు. "ఇది ఇక్కడే చదువుకోవాలమ్మా, ఇంటికి ఇవ్వను. ఒకటే కాపీ ఉంది" అన్నారు. నేను నోట్‌బుక్ తీశాను. పక్కనుంచి గ్రూప్స్ చెల్లె తొంగి చూసి, "అక్కా, ఇది సిలబస్‌లో ఉందా?" అంది.

ఆ మధ్యాహ్నం నేను చదివినంత సంతోషంగా ఎవరూ క్యాన్సర్ గురించి చదివి ఉండరు. విషయం అట్లాంటిది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకే పుస్తకం ఉంటుందట. కంట్లో ఉన్నదే కాలి వేలిలోనూ ఉంటుంది. మరి కన్ను కన్నెట్లయింది, వేలు వేలెట్లయింది? ఏ కణం ఏ పేజీ చదవాలో, ఏ పేజీ మూసి పెట్టాలో చెప్పే గుర్తులు ఆ అక్షరాల మీద అంటించి ఉంటాయి. మీథైల్ అనే బుల్లి గుర్తు అందులో ఒకటి. అక్షరం మారదు, గుర్తు మారుతుంది. ఈ గుర్తుల చదువునే ఎపిజెనెటిక్స్ అంటారు. కణాన్ని "చాలు, ఇక పెరగకు" అని ఆపే పేజీలు కొన్ని ఉంటాయి. ఆ పేజీల మీద రాకూడని గుర్తు పడితే కణం వాటిని చదవడం మానేస్తుంది. ఆపేవాళ్ళు లేక పెరుగుతూ పోతుంది.

ఇది నా పనే! గుడ్డ తాను మీద సుద్దముక్కతో గీత గీస్తాను. ఆ గీతను బట్టే చంక ఎక్కడో, మెడ ఎక్కడో. గుడ్డ అదే, గీత వేరు. సుద్దగీత తప్పు పడితే దులిపి మళ్ళీ గీసుకోవచ్చు. కత్తెర తప్పు పడితే ఆ గుడ్డ అంతే. అక్షరాలు చెడిపోవడం కత్తెర గాటు. గుర్తులు చెడిపోవడం సుద్దగీత. పేజీ చివర్లో, "ఇలాంటి గుర్తుల్లో కొన్నింటిని తిరిగి చెరపడం సాధ్యమే" అని ఉంది. ఆ వాక్యాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించి కింద రెండు గీతలు కొట్టాను. అప్పుడే మూసేసే గంట కొట్టారు. పేజీ మధ్యలో గుర్తుగా సంచీలో ఉన్న చిలకపచ్చ లైనింగ్ పీలిక పెట్టి లేచాను.

ఆ సాయంత్రం అన్నను మిషను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి సుద్దముక్క, కత్తెర, మూరెడు గుడ్డ ముందు పెట్టుకుని పాఠం చెప్పాను. అన్న జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ వినలేదు.

"అంటే నా నోట్లది సుద్దగీతనే అంటవ్?"

"అంతే అన్నా. తంబాకు బంద్ చేస్తే మెల్లగ అదే పోతది."

"చూసినవా! గీ ముచ్చట ఏ డాక్టరన్న చెప్పిండా? వస్తే చాలు, కోస్త అంటరు."

వదిన హాస్టల్ నుంచి అప్పుడే వచ్చింది. చెంగుతో చెమట తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి విన్నది. "డాక్టరమ్మ ఎన్నేండ్లు సదివింది?" అంది.

"ఐదేండ్లు ఉంటదేమో" అన్నాను.

"నువ్వెన్ని పేజీలు సదివినవ్?"

"పద్నాలుగు."

"ఆ పుస్తకంల ఎన్నున్నయ్?"

నేను గుడ్డ మడత పెట్టసాగాను. "మిగిలినయి సదివినంక మాట్లాడు" అని వదిన లోపలికి పోయింది. బడికి పోని మనిషి, చదువు విలువ తెలియదు అనుకున్నాను. అనుకున్నది దాచకుండా రాస్తానని మొదట్లోనే మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

అన్న తంబాకు డబ్బీని సజ్జ మీదికి విసిరేశాడు. అది మాత్రం నిజంగా గొప్ప పని. కానీ ఆ గొప్పతనం ఎల్‌బీ నగర్ మీద పడింది. నిచ్చెన మీద నిలబడ్డప్పుడు చెయ్యి జేబు దగ్గరికి పోయేది, జేబులో సోంపు ఉండేది, బుర్ర పరేషాన్ అయ్యేది. ఒకరింట్లో ఫ్యాను రెగ్యులేటరు తిరగేసి బిగించాడు. అయిదులో పెడితే నత్తలా, ఒకటిలో పెడితే తుఫానులా తిరిగింది. ఇంకొకరింట్లో కాలింగ్ బెల్ నొక్కితే బాత్రూంలో లైటు వెలిగింది. ఆ ఇంటాయన ఫోన్ చేసి, "లోపల మా అమ్మ ఉందయ్యా, ఎవరొచ్చినా ఆమె జడుసుకుంటుంది" అని మొత్తుకున్నాడు.

షాపుకు వచ్చినవాళ్ళకు బల్బుతో పాటు నా పాఠం కూడా ఇచ్చి పంపేవాడు. నోరు తెరిచి, ఫోన్ లైటు వేసి, "చూడు, తగ్గుతున్నదా లేదా?" అని అడిగేవాడు. బల్బు కొనడానికొచ్చినవాడు ఏమంటాడు? "తగ్గింది అన్నా" అని చిల్లర తీసుకుని పోయేవాడు.

ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే కొలతలు. అన్న కిటికీ దగ్గర కుర్చీలో తల వెనక్కి వాల్చేవాడు. వదిన సణుక్కుంటూ ఫోన్ లైటు పట్టేది. నేను సబ్బుతో కడిగిన ఇంచు టేపు చెంపలో పెట్టేదాన్ని.

"ఆ... అను."

"ఆఁ."

"నాలుక పక్కకు తియ్యన్నా, కొలతకిచ్చిన ఆది బ్లౌజు లెక్క మడత పెట్టకు."

మొదటి ఆదివారం ముప్పావు ఇంచు. రెండోది ముప్పావుకు జర తక్కువ. నాలుగోది అర ఇంచుకు జర ఎక్కువ. అన్నీ నా కొలతల పుస్తకంలో రాశాను. ఒకామె తన పేజీ వెతుక్కుంటూ, "అక్కా, 'అన్న, ఎడమ చెంప, ముప్పావు' అని ఉంది. ఇదేం మోడలు?" అని అడిగింది. మచ్చ తగ్గుతోందని నేను మురిసిపోయాను. పదిహేనేళ్ళు కొలతలు తీసిన దాన్ని, టేపు కాస్త లాగి పడితే ఎవరి నడుమైనా తగ్గుతుందని నాకు తెలియదా? తెలుసు. అన్న చెంప దగ్గర మాత్రం గుర్తు రాలేదు.

ఆ ఆరు వారాలు నేను లైబ్రరీ మొహం చూడలేదు. పెళ్ళిళ్ళ సీజను. మగ్గం వర్కు బ్లౌజులు తల మీద కూర్చున్నాయి. అయినా తెలియాల్సింది తెలిసిపోయింది కదా అని ధీమా.

సీజను అయ్యాక వెళ్ళాను. గ్రూప్స్ చెల్లె నా పుస్తకానికి తన ఫోన్ ఆనించుకుని క్లాసు వింటోంది. "అక్కా, వచ్చిన్రా! మీ పుస్తకం ఎవ్వలు ముట్టలే. మీ గుడ్డ పీలిక గూడ అట్లనే ఉంది" అంది. లైబ్రరీ సారు బల్ల అవతలి నుంచి కళ్ళద్దాల మీదుగా చూశారు. "ఆ పచ్చ పీలిక మీదేనా అమ్మా? ఆరు వారాల్నుంచి ఒక్క పేజీ కూడా కదల్లేదు. సగంలో వదిలేసి వెళ్ళిపోయారేంటి?"

పీలిక తీసి పేజీ తిప్పాను. తర్వాతి పేజీ మొదటి మాట, "అయితే."

అయితే, చెరిగే గుర్తులు కొన్నే. మిగతావి పాతుకుపోతాయి. అయితే, పొగాకు గుర్తులనే కాదు, అక్షరాలను కూడా చెడగొడుతుంది. రెండూ కలిసే నడుస్తాయి. అయితే, పొగాకు మానేయడం తప్పకుండా చేయాల్సిన పనే గానీ, మానేసినంత మాత్రాన పాత గుర్తులన్నీ చెరిగిపోతాయన్న హామీ లేదు. నోట్లో కొన్ని మచ్చలు వాటంతట అవే తగ్గవచ్చు, కొన్ని తగ్గినట్టే కనిపిస్తూ లోపల ముదరవచ్చు. ఏది ఏదో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడడం ఒక్కటే దారి.

నేను గుడ్డ చూడకుండానే అది సుద్దగీత అని చెప్పాను. గాటో గీతో తెలియాలంటే ఏ టైలరైనా గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తుంది. నేను అదీ చేయలేదు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఎనిమిదేళ్ళ లైబ్రరీ పరువంతా ఒక్క పేజీ వెనకాల ఇరుక్కుంది. మూడో రోజు చెప్పాను. అన్న అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

"సుద్దగీత అన్నది ఎవరు?"

"నేనే."

"తగ్గుతున్నదని కొలిచింది ఎవరు?"

"నేనే అన్నా. తప్పు కొలిచిన."

"నీ ఇష్టమొచ్చినప్పుడు గీత, నీ ఇష్టమొచ్చినప్పుడు కత్తెరా? నేను పోను. కత్తి పెడ్తే ఏమైతదో నాయనను చూసినంక గూడ పోతనా?"

పుస్తకం తెచ్చి చదివి వినిపిస్తానన్నాను. "నీ పుస్తకాలకో దండం" అన్నాడు. నేను పెట్టిన ముడి నాకే విప్పరాలేదు. నాకు కుట్టడం వచ్చు, చదవడం వచ్చు. నమ్మినవాడి చేత నమ్మకం మాన్పించడం ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

ఆ శనివారం సాయంత్రం అన్న నా మిషను బాగు చేయడానికి వచ్చాడు. దాని మోటారు నుంచి ఇనప బాడీకి కరెంటు వచ్చి, చెయ్యి పెడితే జివ్వుమనేది. మాటలు లేకపోయినా కరెంటు పని మాత్రం మానడు. వదిన గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మాట కలుపుదామని నేనే అన్నాను. "ఊకె ఎందుకన్నా తిప్పలు? నాలుగు రోజుల సంది షాక్ కొడ్తలేదు. పోయినట్లుంది."

అన్న చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "షాక్ కొడ్తలేదంటే లీకేజీ పోయినట్లా?"

"మరి?"

"కాళ్ళకు రబ్బరు చెప్పులేసుకున్నవ్. కింద పట్టా పరిచినవ్. గందుకే కొడ్తలేదు. అది యాడికి పోలే, నీ కోసమే కూసున్నది."

"వైరు చూస్తే మంచిగనే ఉంది గదా."

"చూస్తే తెలిసేదైతే టెస్టరెందుకే? నాకు పని నేర్పిన మేస్త్రి ఒక్కటే చెప్పిండు. కండ్లను నమ్మకు, చేతిని నమ్మకు, ఇంటాయన మెయిన్ బంద్ చేసిన అంటే అసలే నమ్మకు. టెస్టర్ పెట్టినంకనే మాట్లాడు."

చిక్కుడుకాయలు విరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఏమయ్యా," అంది వదిన, "నీ చెంపకు ఎవలు పెట్టిన్రు టెస్టరు?"

అన్న మోటారు మీదికి వంగాడు.

"నీ చెల్లె ఇంచు టేపు పెట్టింది. నేను ఫోన్ లైటు పెట్టిన. బల్బులు కొననొచ్చినోళ్ళు కండ్లు పెట్టిన్రు. టెస్టర్ ఎవలు పెట్టిన్రు?"

"నాయనకు..."

"మామకు ఎప్పుడు పెట్టిన్రు? మెతుకు దిగనినాడు పెట్టిన్రు. ఇల్లు కాలినంక మీటరు కాడ టెస్టర్ పెడ్తే, ఇల్లు కాల్చింది టెస్టరేనా?"

అన్న ప్లగ్గు పెట్టి, స్విచ్చు వేసి, జేబులోంచి టెస్టర్ తీసి నా మిషను బాడీకి ఆనించాడు. నాలుగు రోజులుగా షాక్ కొట్టని మిషను. టెస్టర్‌లో చిన్న ఎర్ర దీపం వెలిగింది. అన్న ఆ దీపం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"సోమవారం పోదాం" అన్నాడు. మాతోనా, టెస్టర్‌తోనా అన్నది తెలియలేదు.

సోమవారం ముగ్గురం కొత్తపేట పోయాం. డాక్టరమ్మ చీటీ మీద తేదీ చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?" అంది. అన్న నా వైపు చూశాడు. నేను చెప్పాను, మొత్తం, ఇంచు టేపుతో సహా. ఆమె తిట్టలేదు. చేతులకు గ్లౌజులు వేసుకుంది.

మత్తు సూది తీసుకుంటుండగా అన్న, "మేడం, గా మూలకున్న సాకెట్ లూజున్నది" అన్నాడు. "అలాగేనండీ, మీరు నోరు తెరవండి" అంది ఆమె. తీసింది మినప్పప్పు బద్దంత ముక్క. చిన్న సీసాలో వేసి మూత పెట్టారు. దీనికా మేం ఆరు వారాలు తప్పించుకు తిరిగింది అనిపించింది. అన్న చెంపలో దూదితో, మాట రాకుండా, సాయంత్రం దాకా ఉన్నాడు. "పెండ్లయినంక గింత నిమ్మళంగ ఎన్నడు లేను" అంది వదిన.

రిపోర్టుకు పది రోజులన్నారు. ఆ పది రోజుల్లో అన్న మా రెండు వాటాల్లోనూ విప్పని స్విచ్చు లేదు, మార్చని వైరు లేదు. నేను పుస్తకం మొదటి నుంచి చివరి దాకా, వెనకాల అకారాది పట్టికతో సహా చదివాను. మధ్యలో వచ్చిన ఆదివారం, కొలతలు లేని ఆదివారం, అన్న నా స్టూలు మీద వచ్చి కూర్చున్నాడు.

"కత్తెరనే అని తేలితే ఏం చేద్దామే?"

"కుట్టుకుందాం అన్నా."

"నీ కుట్టు నాకెర్కనే గదా. క్రిస్మస్‌కు కుట్టిన అంగీ చంకల పిగిలింది" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వాక అతను కళ్ళు తుడుచుకోవడం చూసి, నేను బాబిన్‌కు దారం చుడుతున్నట్టు తల దించుకున్నాను.

రిపోర్టు వచ్చింది. కణాలు దారి తప్పడం మొదలైంది, కానీ ఇంకా గోడ దాటలేదు. ఇప్పటికి ఇది క్యాన్సర్ కాదు, వదిలేస్తే కావచ్చు. మచ్చ మొత్తం తీసేయాలి, తంబాకు జన్మలో ముట్టకూడదు, మూడు నెలలకోసారి చూపించుకోవాలి అని డాక్టరమ్మ చెప్పింది.

నేను ఉండబట్టలేక, "డాక్టరమ్మా, ఇది మీథైల్ గుర్తుల వల్లనా, అక్షరాలు మారడం వల్లనా?" అని అడిగాను.

ఆమె ఆశ్చర్యపోయింది. "మీరు ఏ ల్యాబులో పనిచేస్తారు?"

"బ్లౌజులు కుడతానండీ."

"రెండూ కలిసే ఉంటాయమ్మా. ఈ పరీక్షలో అది తెలీదు. కణాలు ఎలా ఉన్నాయన్నదే తెలుస్తుంది. మనకిప్పుడు అదే కావాలి" అంది. గీతా గాటూ అని నేను చేసిన గొడవంతా ఆమెకు అక్కరే లేదు. పెద్ద దవాఖానకు రాసిచ్చింది. అక్కడ మచ్చ తీసేశారు. వారం రోజులు అన్న జావ తాగి, తర్వాత కారం అన్నం కోసం వదినతో పోట్లాడాడు. అప్పుడు మాకు ధైర్యం వచ్చింది.

ఇదీ జరిగింది. ఇప్పుడు నా దగ్గరికి గడ్డ ఉందనో, గొంతు బొంగురనో చెబుతూ వచ్చేవాళ్ళకు ఒకటే షరతు. దవాఖాన చీటీ చూపించాకే బ్లౌజు కొలత. మెడ దగ్గర గడ్డ లేచిన ఆ అత్తగారి చీటీ వచ్చింది, భయపడాల్సింది కాదట. గొంతు బొంగురు ఆయన ఇంకా దవాఖానకు పోలేదు. వాళ్ళావిడ మూడు బ్లౌజులు నా దగ్గరే ఉన్నాయి. ఇవ్వను.

సాక్ష్యం చివర్లో పేర్లు చదవాలి. ఎవరి పేర్లూ రాయొద్దని అన్న గట్టిగా చెప్పాడు కాబట్టి, నేను పిలిచే పిలుపులే పేర్లనుకోండి. పండ్ల డాక్టరమ్మకు వందనాలు, తిట్టాల్సిన చోట తిట్టనందుకు. ఆ సాకెట్ అన్న పోయి బిగించి వచ్చాడు. లైబ్రరీ సారుకు వందనాలు. ఇప్పుడు గంట కొట్టేముందు నా కుర్చీ దగ్గరికి వచ్చి, "చివరిదాకా వచ్చారా అమ్మా, మధ్యలోనే లేస్తున్నారా?" అని అడుగుతున్నారు. గ్రూప్స్ చెల్లెకు వందనాలు, నా పీలిక కదపనందుకు. పరీక్ష పాసైతే మొదటి బ్లౌజు నేను కుడతాను. అన్నకు పని నేర్పిన మేస్త్రికి వందనాలు, నేను ఆయన్ను చూసింది లేదు, ఆయన ఇప్పుడు లేడు కూడా. సజ్జ మీది డబ్బీని మళ్ళీ దించని మా అన్నకు వందనాలు.

రాసినదంతా వదినకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే వింది. "అన్ని పేజీలు రాసినవా, మల్ల పద్నాలుగేనా?" అంది. అన్నీ రాశానన్నాను. "సోమవారానికి మూడు నెలలైతది. చీటీ ఏది?"

అన్న అంగీ లోపలి వైపు కొత్త జేబు వేసి, గుండీ కూడా కుట్టి, అందులో పెట్టానని చెప్పాను. వదిన చేతులు తుడుచుకుని లేచి, అంగీ తీసి, గుండీ విప్పి, చీటీ ఉందో లేదో చూసి మళ్ళీ పెట్టింది.

వదినా, నీకు వందనాలు.